గేరు జారిందా, సెన్సర్ తప్పు చెప్పిందా?

ఆటోమేటిక్ బండి హైవే మీద బాగానే పోతూ ఉన్నట్టుండి ఒక్క కుదుపుతో కింది గేరులో పడుతుంది. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం వేగం అందుకోదు. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. కొన్ని బండ్లలో స్పీడోమీటర్ ముల్లు కూడా సున్నాకు పడి మళ్లీ లేస్తుంది. పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. షెడ్డుకు తీసుకెళితే సాధారణంగా రెండు మాటల్లో ఒకటి వినిపిస్తుంది. "గేర్‌బాక్స్ పోయింది సార్, దింపాల్సిందే" అన్నది ఒకటి. "సెన్సర్ పోయింది, మార్చేస్తే సరి" అన్నది రెండోది.

రెండూ నిజం కావచ్చు, రెండూ పొరపాటూ కావచ్చు. మొదటి మాట తప్పయితే చిన్న వైరుతో పోయే పనికి బండి విలువలో పెద్ద వాటా ఖర్చవుతుంది. రెండో మాట తప్పయితే కొత్త సెన్సర్ బిగించుకుని తిరుగుతున్నన్నాళ్లూ లోపల క్లచ్ కాలిపోతూనే ఉంటుంది. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి చాలాసార్లు గేర్‌బాక్స్ విప్పనే అక్కర్లేదు. మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడటం చేతనైతే చాలు. ఆ పని చేయకుండా ఎవరైనా గేర్‌బాక్స్ దింపమంటే ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ముందు ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. బండి ఏ గేరులో ఉందో గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు కనిపించదు. ఫలానా సోలినాయిడ్లకు కరెంటు ఇచ్చి, ఆయిల్ ఒత్తిడితో ఫలానా క్లచ్‌లు పట్టుకోమని ఆదేశించడం వరకే దానికి తెలుసు. ఆ ఆదేశం అమలైందో లేదో లెక్క వేసి కనుక్కుంటుంది. ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా అందించే టార్క్ కన్వర్టర్ నుంచి గేర్‌బాక్సులోకి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతోందో ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ చెబుతుంది. చక్రాల వైపు వెళ్లే భాగం ఎన్ని చుట్లు తిరుగుతోందో అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ చెబుతుంది. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే గేరు నిష్పత్తి వస్తుంది. అది ఆదేశించిన గేరు నిష్పత్తితో సరిపోతే కంప్యూటర్ ఊరుకుంటుంది. సరిపోకపోతే దీపం వెలిగిస్తుంది.

దీన్ని నిజమైన ఒక గేర్‌బాక్స్ మీద చూద్దాం. క్రైస్లర్ కంపెనీ 1989 మోడల్ బండ్లతో అమెరికాలో ఏ604 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ను తెచ్చింది. తర్వాత దాన్నే 41టీఈ అన్నారు. డాడ్జ్ కారవాన్, ప్లిమత్ వాయేజర్ వంటి మినీవ్యాన్లలో అది విరివిగా వాడుకలోకి వచ్చింది. గేరు మార్పులను కంప్యూటర్‌కు అప్పగించి, క్లచ్‌ల తీరును బట్టి తన పనిని తానే సర్దుకునే గేర్‌బాక్సుల్లో తొలి తరానిది అది. మొదటి ఏళ్లలో చెడ్డపేరే తెచ్చుకుంది. అయినా ఈ విషయం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి గేర్‌బాక్స్ దొరకదు. రెండు వేగ సెన్సర్లూ పెట్టెకు బయటినుంచే బిగించి ఉంటాయి, గేర్లు నాలుగే, క్లచ్‌లు ఐదే.

దాని నిష్పత్తులు వరుసగా 2.84, 1.57, 1.00, 0.69. లోపలికి వచ్చే షాఫ్ట్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే, బయటికి వెళ్లే చుట్లు మొదటి గేరులో సుమారు 704, రెండో గేరులో 1274, మూడో గేరులో సరిగ్గా 2000, నాలుగో గేరులో సుమారు 2899. ఇప్పుడు కంప్యూటర్ రెండో గేరు ఆదేశించిందనుకుందాం. ఇన్‌పుట్ సెన్సర్ 2000 అంటోంది, అవుట్‌పుట్ సెన్సర్ 1000 అంటోంది. నిష్పత్తి 2.00. ఆ గేర్‌బాక్సులో అలాంటి గేరే లేదు. అంటే క్లచ్ జారుతూ ఉండాలి, లేదా నిజంగా 1274 చుట్లు తిరుగుతున్న భాగాన్ని చూస్తూ సెన్సర్ కొన్ని చుట్లు లెక్కపెట్టకుండా వదిలేస్తూ ఉండాలి. కంప్యూటర్ చేతికి వచ్చే అంకె రెండు సందర్భాల్లోనూ ఒకటే. అందుకే అది "రెండో గేరు నిష్పత్తి తప్పు" అని మాత్రమే ఒక కోడ్ రూపంలో రాసుకుంటుంది. మెకానిక్ ఆ వాక్యాన్ని "రెండో గేరు పోయింది" అని చదివితే పొరపాటు అక్కడే మొదలవుతుంది. కోడ్ ఫిర్యాదే తప్ప తీర్పు కాదు. తీర్పు చెప్పాలంటే మూడో సాక్షి కావాలి.

ఆ సాక్షి బండిలోనే ఉంటుంది. ఇంజిన్ వేగాన్ని వేరే సెన్సర్ కొలుస్తుంది. ఏబీఎస్ ఉన్న బండిలో ఒక్కో చక్రం వేగాన్ని ఒక్కో సెన్సర్ కొలుస్తుంది. ఏదీ లేకపోతే ఫోన్‌లోని జీపీఎస్ కూడా పనికొస్తుంది. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో అవుట్‌పుట్ వేగం సున్నా అని కనిపిస్తున్న క్షణంలో జీపీఎస్ 60 చూపిస్తోందంటే ఆ సున్నా అబద్ధం. క్లచ్ ఎంత జారినా చక్రాలకు తగిలించి ఉన్న భాగం కదిలే బండిలో సున్నా చుట్లు తిరగడం సాధ్యం కాదు. అదే సమయంలో గేరు నిష్పత్తి కోడ్ కూడా వచ్చి ఉంటే, అది ఆ అబద్ధం వల్ల పుట్టిన కోడే అయి ఉంటుంది. ముందు వేగ సెన్సర్ లైను సంగతి చూడాలి.

ఇంకొంచెం సూక్ష్మమైన పరీక్ష మూడో గేరులో దొరుకుతుంది. ఈ గేర్‌బాక్సులో మూడో గేరు అంటే ఒకటికి ఒకటి. టార్క్ కన్వర్టర్‌ను ఇంజిన్‌తో నేరుగా బిగించే లాకప్ కూడా పడితే ఇంజిన్, ఇన్‌పుట్, అవుట్‌పుట్ మూడూ ఒకే అంకె చూపాలి. సాఫీ రోడ్డు మీద నిలకడగా నడుపుతూ పక్కన మరొకరు స్కానర్ చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఇంజిన్ 2200, ఇన్‌పుట్ 2000, అవుట్‌పుట్ 2000 అయితే గేర్‌బాక్సులోని గేర్లు బాగున్నాయి, లాకప్ క్లచ్ జారుతోంది. ఇంజిన్ 2200, ఇన్‌పుట్ 2200, అవుట్‌పుట్ 2000 అయితే మూడో గేరును పట్టుకోవాల్సిన క్లచ్ జారుతోంది. ఇంజిన్, అవుట్‌పుట్ రెండూ 2000 దగ్గర నిలకడగా ఉండి, మధ్యలోని ఇన్‌పుట్ ఒక్కటే 2000 నుంచి 300కి, అక్కణ్నుంచి మళ్లీ 2000కి ఎగిరిపడుతుంటే అది యంత్రం కదలిక కాదు. బరువున్న ఉక్కు షాఫ్ట్ అరక్షణంలో అలా ఆగి మళ్లీ అందుకోలేదు. అది వైరులోనో కనెక్టర్‌లోనో తెగి అతుక్కుంటున్న సంకేతం. ఆరు, ఎనిమిది గేర్లున్న బండ్లలోనూ చాలావాటిలో ఒకటికి ఒకటి గేరు ఒకటి ఉంటుంది. అది ఎన్నో గేరో తెలుసుకుంటే ఇదే పరీక్ష అక్కడా పనికొస్తుంది.

బండి కదలకుండానే చేయగలిగిన పరీక్ష మరొకటి ఉంది. చక్రాలకు అడ్డాలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, ఇంజిన్ ఐడిల్‌లో లివర్‌ను న్యూట్రల్‌లో ఉంచితే ఇన్‌పుట్ వేగం దాదాపు ఇంజిన్ వేగానికి దగ్గరగా ఉండాలి. బ్రేకు మీద కాలు తీయకుండా డ్రైవ్‌లోకి వేస్తే అది ఒక్క క్షణంలో సున్నాకు పడాలి. చక్రాలు ఆగి ఉన్నాయి కాబట్టి, క్లచ్ పట్టుకోగానే ఆ షాఫ్ట్ కూడా ఆగిపోక తప్పదు. న్యూట్రల్‌లో అంకె అసలు రాకపోతే ఇన్‌పుట్ సెన్సర్ లైను చూడాలి. న్యూట్రల్‌లో సరిగా ఉండి, డ్రైవ్‌లో వేశాక నింపాదిగా జారుతూ దిగితే క్లచ్ నిండటానికి ఆలస్యమవుతోంది, అంటే ఆయిల్ మట్టమో ఒత్తిడో చూడాలి. కొన్ని కొత్త బండ్లు ఇంధనం ఆదా కోసం ఆగినప్పుడు డ్రైవ్‌లోనూ క్లచ్‌ను కావాలనే వదులు చేస్తాయి. అలాంటి బండిలో ఈ పరీక్షకు ముందు తయారీదారు పుస్తకం చూడటం మంచిది.

క్లచ్ మీదే అనుమానం మిగిలినప్పుడు ఏ గేర్లలో తప్పు వస్తోందన్నది అసలు సమాచారం. 41టీఈలో అండర్‌డ్రైవ్ క్లచ్ మొదటి, రెండో, మూడో గేర్లలో పట్టుకుంటుంది. ఓవర్‌డ్రైవ్ క్లచ్ మూడు, నాలుగులో. పేరులోనే ఉన్నట్టు 2-4 క్లచ్ రెండు, నాలుగులో. లో-రివర్స్ క్లచ్ మొదటి గేరులోనూ రివర్స్‌లోనూ. ఐదోది రివర్స్‌కు మాత్రమే. ఒకటి, రెండు బాగుండి మూడు, నాలుగు జారుతుంటే వేలు ఓవర్‌డ్రైవ్ క్లచ్ వైపు చూపిస్తుంది. రెండు, నాలుగు జారి ఒకటి, మూడు బాగుంటే 2-4 క్లచ్. అన్ని గేర్లలోనూ ఒకేసారి నిష్పత్తి తప్పుతోందా? ఐదు క్లచ్‌లూ ఒకే రోజున చెడిపోవు. అప్పుడు అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని చూడాలి. అవి ఆయిల్ మట్టం, పంపు ఒత్తిడి, వేగ సెన్సర్లు. గేర్‌బాక్స్ విప్పకముందే విప్పి చూసినంత తెలియజేసే పరీక్ష ఇదే. ఏ గేర్‌బాక్స్‌కైనా ఏ గేరులో ఏ క్లచ్ పట్టుకుంటుందో చూపే పట్టిక మరమ్మతు పుస్తకంలో ఉంటుంది. ఆ ఒక్క పేజీ దగ్గర లేని షెడ్డులో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పనివ్వకూడదు.

కోడ్‌ల విషయానికి వద్దాం. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నింటికీ లోపాలను గుర్తించే ఓబీడీ-2 ప్రమాణం తప్పనిసరి అయింది, దాంతో కోడ్‌లకు ఉమ్మడి భాష వచ్చింది. పీ0715, పీ0716, పీ0717 ఇన్‌పుట్ సెన్సర్‌వి. పీ0720, పీ0721, పీ0722 అవుట్‌పుట్ సెన్సర్‌వి. మూడింటిలో మొదటిది సర్క్యూట్ లోపం, రెండోది సంకేతం ఉన్నా నమ్మేలా లేదని, మూడోది సంకేతమే లేదని. పీ0731 నుంచి వరుసగా ఒక్కో గేరు నిష్పత్తి తప్పులు. పీ0705 లివర్ స్థానం చెప్పే సెన్సర్‌ది. పీ0700 మాత్రం స్వయంగా ఏ లోపాన్నీ చెప్పదు. గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర కోడ్ ఒకటి ఉంది, అక్కడికెళ్లి చదవండి అని ఇంజిన్ కంప్యూటర్ చెప్పడమే దాని అర్థం. ఫోన్‌కు తగిలించే చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కంప్యూటర్‌ను మాత్రమే చదువుతాయి కాబట్టి పీ0700 దగ్గరే ఆగిపోతాయి.

అమెరికాలో చదువుకు వెళ్లి పాత బండి కొనుక్కునే మన పిల్లలు దీన్ని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. అక్కడ కొన్ని విడిభాగాల దుకాణాల్లో కోడ్ ఉచితంగా చదివిపెడతారు. పీ0700 ఒక్కటే రాసి ఉన్న కాగితం చూసి గేర్‌బాక్స్ పోయిందని బండి తెగనమ్ముకోవద్దు. గేర్‌బాక్స్ కంప్యూటర్ వరకు వెళ్లగల స్కానర్ ఉన్నచోట మళ్లీ చదివించాలి. కోడ్‌తో పాటు ఆ క్షణంలో బండి వేగం, ఇంజిన్ చుట్లు, ఆయిల్ వేడి నమోదు చేసిన ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటే దాన్ని ఫొటో తీసుకోవాలి. కోడ్ చెరిపేస్తే అదీ పోతుంది.

సెన్సర్ లైనే దోషి అని తేలినా సెన్సర్ మార్చడానికి తొందరపడకూడదు. సెన్సర్లు రెండు రకాలు. పాత రకంలో అయస్కాంతం చుట్టూ తీగ చుట్ట ఉంటుంది. పళ్లు ఎదురుగా తిరిగితే అదే చిన్న ఏసీ వోల్టేజీ పుట్టిస్తుంది, వేగం పెరిగితే వోల్టేజీ పెరుగుతుంది. రెండు వైర్లే ఉంటాయి. 41టీఈలోవి ఈ రకమే, వాటి నిరోధం 300 నుంచి 1200 ఓమ్‌ల మధ్య ఉండాలి. మొన మీద ఇనుప రజను పేరుకున్నా సంకేతం బలహీనపడుతుంది. రజను ఎక్కువగా ఉంటే అది సెన్సర్ తప్పు కాదు, లోపల ఏదో అరిగిపోతోందన్న వార్త. రెండో రకం హాల్ సెన్సర్. దానికి బయటినుంచి కరెంటు కావాలి, అది వేగంతో సంబంధం లేకుండా ఒకే ఎత్తు తరంగాలు ఇస్తుంది. దానికి ఓమ్ మీటర్ పెట్టి చూసే కొలతకు అర్థం లేదు, మంచి సెన్సర్‌నే చెడ్డదని తేల్చే ప్రమాదం ఉంది. దానికి సప్లై వోల్టేజీ అందుతోందా, ఎర్త్ బాగుందా, తిప్పితే సంకేతం మారుతోందా అన్నవే ప్రశ్నలు. ఒకే 5 వోల్టుల సప్లై పంచుకునే సెన్సర్లలో ఒకటి షార్ట్ అయితే మిగతావి కూడా మూగబోతాయి. ఒక్కసారే నాలుగైదు సెన్సర్ల కోడ్‌లు కట్టగా వచ్చాయంటే ముందు ఆ ఉమ్మడి సప్లైని అనుమానించాలి.

ఉమ్మడి ఎర్త్ కూడా ఇలాగే తిప్పలు పెడుతుంది. 41టీఈలో రెండు వేగ సెన్సర్లకూ కలిపి ఒకే ఎర్త్ వైరు. ఓబీడీ-2కు ముందు క్రైస్లర్ వాడిన సొంత కోడ్‌లలో 56 ఇన్‌పుట్ సెన్సర్‌కు, 57 అవుట్‌పుట్ సెన్సర్‌కు, 58 ఆ ఉమ్మడి ఎర్త్‌కు. రెండు సెన్సర్లూ ఒకేసారి పిచ్చి అంకెలు చూపితే రెండూ కొనడం కన్నా ఆ ఒక్క వైరును వెతకడం తెలివైన పని.

వైరు ఎక్కడ దెబ్బతింటుందో బండి తిరిగే ఊరు చెబుతుంది. మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లే చోట కనెక్టర్ పిన్నులు తుప్పు పట్టి పచ్చబడతాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వానాకాలం నీళ్లలో దిగిన బండికి కనెక్టర్‌లో తేమ వారాల తరబడి నిలుస్తుంది. గేర్‌బాక్స్ ఆయిల్ కనెక్టర్ లోపలికి ఊరడం అన్నిచోట్లా ఉన్నదే. వేడెక్కాక మాత్రమే లోపం వస్తుంటే, చల్లబడిన బండిని షెడ్డులో కొలిచి అంతా బాగుందనడం వల్ల ఉపయోగం లేదు. లోపం వచ్చే వేడిలోనే కొలవాలి. ఇంజిన్ ఆడుతుండగా, బెల్టులకూ ఫ్యాన్‌కూ ఎగ్జాస్ట్‌కూ చేతులు దూరంగా ఉంచి, వైర్ల కట్టను అంగుళం అంగుళం కదిలిస్తూ స్కానర్ అంకెను చూడటం ఎప్పటికీ పాతబడని పద్ధతి. బ్యాటరీనీ ఎర్త్ కేబుళ్లనూ మొదటే చూడాలి. వోల్టేజీ పడిపోతే బాగున్న కంప్యూటర్ కూడా తప్పు లెక్కలు వేస్తుంది.

లివర్ స్థానం చెప్పే సెన్సర్‌ది వేరే దారి. పార్క్‌లో స్టార్ట్ కాకుండా న్యూట్రల్‌లో మాత్రమే స్టార్ట్ కావడం, వెనక్కి వెళ్తున్నా రివర్స్ లైటు వెలగకపోవడం, డ్యాష్‌బోర్డు మీద తప్పు అక్షరం రావడం దాని గుర్తులు. స్కానర్‌లో ఆ విలువ చూస్తూ లివర్‌ను నెమ్మదిగా అన్ని స్థానాల్లోకీ జరిపితే చాలు. ప్రతి స్థానంలోనూ ఒకే దూరం పక్కకు తప్పుతుంటే చాలావరకు కేబుల్ సర్దుబాటుతో పోతుంది.

లోపం రాగానే బండి ఒకే గేరుకు పరిమితమయ్యే లింప్ మోడ్ గురించి భయం ఎక్కువ. లెక్క కుదరనప్పుడు కంప్యూటర్ 41టీఈలో సోలినాయిడ్లకు కరెంటు ఇచ్చే రిలేనే ఆపేస్తుంది. అప్పుడు పార్క్, రివర్స్, న్యూట్రల్, రెండో గేరు మాత్రమే మిగిలేలా ఆయిల్ దారులను ముందే రూపొందించారు. చాలా ఇతర గేర్‌బాక్సుల్లో మూడో గేరు మిగులుతుంది. గేర్‌బాక్స్ తనను తాను కాపాడుకునే ఏర్పాటు ఇది. నిదానంగా దగ్గరి షెడ్డు వరకు వెళ్లడానికి మాత్రమే ఇది పనికొస్తుంది, అలాగే వంద కిలోమీటర్లు లాగించడానికి కాదు.

ఆయిల్ సంగతి ఏ604 చరిత్రే నేర్పుతుంది. దానికి క్రైస్లర్ సొంత ఆయిల్ కావాలి. షెడ్లలో మాత్రం చేతికి అందిన డెక్స్‌రాన్ పోసేవారు. దానివల్ల లాకప్ క్లచ్ పట్టీపట్టక బండి వణికేది, ఆ వణుకును గేర్‌బాక్స్ చావుగా భావించి విప్పేవారు. ఇవాళ చాలా బండ్లకు డిప్‌స్టిక్ కూడా లేదు. ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు పక్క బోల్టు తీసి మట్టం చూడాలి. ఏ రకం ఆయిల్, ఏ వేడిలో మట్టం చూశారు అని అడిగే హక్కు యజమానికి ఉంది, అడగాలి కూడా.

మన దేశంలో ఆటోమేటిక్ అని అమ్ముడయ్యేవన్నీ ఈ రకం కావు. 2014లో మారుతి సెలెరియోతో జనంలోకి వచ్చిన ఏఎంటీలో ఉన్నది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కడం, గేరు వేయడం యంత్రం చేస్తుంది. అక్కడ ముందు చూడాల్సినవి క్లచ్ స్థానం, గేరు ఎంపిక స్థానం చెప్పే సెన్సర్లు, ఆ యంత్రం ఒత్తిడి. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల వేగాలను పోల్చుతారు. ఒకదాని పరీక్షను ఇంకొకదానికి అంటించకూడదు.

మరమ్మతు అయ్యాక కోడ్ చెరిపి తాళం చేతికిచ్చేస్తే పని సగమే అయినట్టు. పాత అలవాట్లను గుర్తుపెట్టుకునే గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు, అవసరమైతే, తయారీదారు చెప్పిన పద్ధతిలో మళ్లీ నేర్పించాలి. తర్వాత బండిని అన్ని గేర్లలోనూ, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడిపి, మొదట తప్పిన అవే మూడు అంకెలను మళ్లీ రికార్డు చేయాలి. మార్చిన పాత సెన్సర్‌నూ, ముందూ తర్వాతా తీసిన స్కానర్ రికార్డులనూ బిల్లుతో పాటు అడిగి తీసుకోండి. ఆరు నెలల తర్వాత అదే దీపం మళ్లీ వెలిగితే, కొత్త మెకానిక్ ఎవరైనా సరే, వెతుకులాట మొదటినుంచి మొదలుపెట్టాల్సిన అవసరం ఉండదు.